తేమ ఆరని మూలకు ఏది మేలు: తంగేడా, గునుగా, నీటిగొబ్బా?

వానలు వెనకబట్టినా నేల ఆరని మూల ఒకటి హైదరాబాదులో చాలా ఇళ్లలో ఉంటుంది. మా పెరట్లో అది డాబా మీది నీళ్లు దిగే గొట్టం పక్కన ఉంది. దసరా మొదలు చలికాలం దాకా తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఆసరా అయ్యే మొక్కను అక్కడ పెంచాలనుకుంటే ముందుగా తంగేడే గుర్తుకొస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమే అయినా ఆ చోటికి అది తగదు. మొరం నేలలో ఎండకు ఎదిగే ఆ మొక్కకు నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. పైగా ఆ పువ్వులో మకరందం ఉండదు, కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల నుంచి పుప్పొడి రాలాలంటే ఝుమ్మని అదిలించే తుమ్మెదే రావాలి. తేనెటీగకు ఆ విద్య లేదు. దానిని గేటు పక్కన ఎండలో నాటుకోవడం మంచిది.

గునుగుకు గింజ చల్లితే చాలు. వెన్ను అడుగు నుంచి పైకి విచ్చుకుంటుంది గనుక, కింది పూలు వెలిసి వెండిరంగుకు తిరిగినా కొన మాత్రం గులాబీగానే ఉంటుంది, సీతాకోకచిలుకలు చాలా రోజులు దానిని వదలవు. అయితే తేమ ఇష్టమే గాని నిలిచిన నీటిని అది ఓర్వదు.

నీటిగొబ్బి పుట్టిల్లే చెరువు గట్టు, కాలువ ఒడ్డు. ప్రతి కణుపు చుట్టూ ఊదారంగు పూలు గుత్తిగా పూస్తాయి. కింది రేకు మీది పసుపు మచ్చ దగ్గర తేనెటీగ వాలి, లోపలికి తల దూర్చడం మా ఇంట్లో పిల్లలు రోజూ చూస్తారు. రెక్కల మీద కన్నుల్లాంటి మచ్చలున్న నారింజరంగు సీతాకోకచిలుక దీని మీద గుడ్లు పెడుతుంది కాబట్టి ఆకులకు చిల్లులు పడినా మందు కొట్టకూడదు. దీని లోపమల్లా కణుపుకు ఆరేసి చొప్పున ఉండే పొడవాటి ముళ్లే.

అయినా తడి మూలకు నేను నీటిగొబ్బినే ఎంచుకుంటాను, దాని వెనుక కాస్త ఎత్తు చేసిన మట్టిలో గునుగు చల్లుతాను. జూన్‌లో తొలకరికి గింజ వేసి, మోకాలెత్తుకు రాకముందే, ముళ్లు ఇంకా లేతగా ఉన్నప్పుడే, నడిచే దారికి అడ్డొచ్చే మొక్కలను పీకేయాలి.