మెగా డ్రైవ్, సూపర్ నింటెండో: ఒకే టీవీకి కలిపి చూస్తే

పాత గేమ్ కన్సోళ్లను సేకరించాలనుకునేవారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న 16-బిట్ తరంలో (ప్రాసెసర్ సమాచారాన్ని 16 బిట్ల చొప్పున చూసే యంత్రాల్లో) దేనితో మొదలుపెట్టాలన్నదే. సెగా మెగా డ్రైవ్ 1988లోనూ, సూపర్ నింటెండో సూపర్ ఫామికామ్ అనే పేరుతో 1990లోనూ జపాన్‌లో విడుదలయ్యాయి. ఈ రెంటినీ ఒకే పిక్చర్ ట్యూబ్ టీవీకి మార్చిమార్చి కలిపి ఆడి చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయమేమిటంటే, ఏ టీవీని, ఏ తీగను దృష్టిలో ఉంచుకుని తయారయ్యాయో వాటితో కలిపి చూడకుండా ఈ యంత్రాల మీద తీర్పు చెప్పడం సరికాదు.

రంగుల విషయంలో కాగితం మీద పోటీయే లేదు. సూపర్ నింటెండో 32,768 రంగుల నుంచి ఎంచుకుని ఒకేసారి 256 చూపగలదు; మెగా డ్రైవ్‌కు ఉన్నవి మొత్తం 512, అందులోనూ సాధారణంగా ఒక తెరపై అరవై చిల్లరే. కానీ 1991లో వచ్చిన సోనిక్ ఆటలో మొదటి దశలోని జలపాతాన్ని దగ్గరగా చూడండి. ఆ నీరు నిజానికి ఒకటి విడిచి ఒకటిగా గీసిన నిలువు గీతలు మాత్రమే. పసుపు పిన్ను ఉండే మామూలు కాంపోజిట్ తీగతో ఆడితే ఆ గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వెనకనున్న కొండ కనిపించేటంత పలచని నీరుగా మారతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలను విడివిడిగా పంపే ఆర్‌జీబీ తీగ తగిలిస్తే అక్షరాలూ అంచులూ ఎంతో స్పష్టమవుతాయి గాని, జలపాతం మాత్రం గీతలుగా విడిపోతుంది. స్పష్టత పెరిగినకొద్దీ బొమ్మ మెరుగవుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. అందుకే మెగా డ్రైవ్ కొనేవారు పాత తీగను పారేయకూడదని గట్టిగా చెబుతాను.

ధ్వనిలో తేడా ఇంకా ఆసక్తికరమైనది. మెగా డ్రైవ్‌లోని యమహా చిప్ ఒక ధ్వని తరంగంతో మరో తరంగాన్ని మార్చే ఎఫ్‌ఎం పద్ధతిలో స్వరాలను అప్పటికప్పుడు పుట్టిస్తుంది; సూపర్ నింటెండోలో సోనీ రూపొందించిన చిప్ ముందే రికార్డు చేసిన చిన్న ధ్వని ముక్కలను 64 కిలోబైట్ల మెమరీలోంచి వాయిస్తుంది. తీగవాద్యాలూ బృందగీతాలూ రెండోదానిలోనే నిండుగా వినిపిస్తాయి, అయితే ముక్కలను కుదించి దాచడం వల్ల కొంచెం మొద్దుబారినట్టు వినిపిస్తాయి. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 ఆటలో యూజో కోషిరో సమకూర్చిన సంగీతంలోని బేస్‌కు ఉన్న గరుకుదనం మాత్రం మెగా డ్రైవ్‌కే సొంతం. మొదటి మోడల్‌లో వెనుక వీడియో సాకెట్ నుంచి వచ్చేది మోనో ధ్వని. స్టీరియో కావాలంటే ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకోవాలి.

వేగంలో మెగా డ్రైవ్‌దే పైచేయి. సూపర్ నింటెండోలో గ్రేడియస్ 3 అనే అంతరిక్ష యుద్ధపు ఆట ఆడుతుంటే తెర నిండా శత్రువులు చేరిన ప్రతిసారీ ఆట నత్తనడక నడుస్తుంది. కంట్రోలర్ విషయంలో మాత్రం చూపుడువేళ్లకు అందేలా ఎల్, ఆర్ బటన్లు పెట్టిన సూపర్ నింటెండోనే నాకు చేతిలో హాయిగా అమరింది.

కొనేటప్పుడు ఏ ప్రాంతపు యంత్రమో తప్పక చూడాలి. ఐరోపా కోసం చేసినవి 50 హెర్ట్జ్‌తో (తెరపై బొమ్మను సెకనుకు 50 సార్లు మారుస్తూ) నడుస్తాయి కాబట్టి, 60 హెర్ట్జ్ కోసం రాసి సవరించకుండా వదిలేసిన ఆటలు వాటిపై దాదాపు ఆరో వంతు నెమ్మదిగా సాగుతాయి. మొదటి మోడల్ మెగా డ్రైవ్ అడాప్టర్‌కు మధ్య పిన్ను నెగెటివ్. ఇంట్లో దొరికిన ఏదో ఒక అడాప్టర్ గుచ్చడం ప్రమాదకరం. సూపర్ నింటెండో ప్లాస్టిక్ పచ్చబడటం రూపానికి సంబంధించిన లోపమే తప్ప పనితీరుకు అడ్డు కాదు కాబట్టి, ఆ కారణంగా మంచి యంత్రాన్ని వదులుకోనవసరం లేదు.

ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బాలైన కార్ట్రిడ్జ్‌ల సంగతి వేరు. ఆటను సేవ్ చేసుకునే వీలున్న చాలా కార్ట్రిడ్జ్‌లలో నాణెం ఆకారపు బ్యాటరీని సర్క్యూట్‌కు టంకం వేసి ఉంచారు, అది అయిపోతే సేవ్ చేసినదంతా పోతుంది. 1994 నాటి సోనిక్ 3 బ్యాటరీ అక్కరలేని మెమరీ వాడి ఈ చిక్కు నుంచి తప్పించుకుంది. జెల్డా వంటి సుదీర్ఘమైన ఆటల కోసమే సేకరించేవారు సూపర్ నింటెండోనే తీసుకోవాలి, బ్యాటరీ మార్పించుకునే ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. ఒక్క యంత్రానికే చోటుంటే నేను మాత్రం హెడ్‌ఫోన్ రంధ్రమున్న మొదటి మోడల్ మెగా డ్రైవ్‌నే ఎంచుకుంటాను.