దుబాయ్‌లో రెండో సాయంత్రం: ఇబ్న్ బతూతానా, వాఫీనా?

రెండు మూడు రోజుల కోసం దుబాయ్ వెళ్లేవాళ్లకు మొదటి సాయంత్రం ఎక్కడన్న ప్రశ్నే లేదు. బుర్జ్ ఖలీఫా, దాని పక్కనే దుబాయ్ మాల్. టికెట్ కొనకపోయినా అక్వేరియం పెద్ద అద్దం ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు. అది చూడకుండా ఇంటికొస్తే చుట్టాలు ఊరుకోరు. తంటా అంతా రెండో సాయంత్రంతోనే. ఏదో ఒక దేశాన్నో కాలాన్నో తలపించేలా కట్టిన మాల్స్ అక్కడ చాలా ఉన్నాయి, అన్నీ తిరిగే టైమ్ ఉండదు. ఇబ్న్ బతూతా, వాఫీ, మెర్కాటో – ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నా ఓటు ఇబ్న్ బతూతాకే. మోకాళ్లు సహకరిస్తేనే సుమా.

2005లో తెరిచిన ఈ మాల్ నిజానికి ఒక ప్రయాణం. 1325లో మొరాకోలోని టాంజియర్ నుంచి బయల్దేరి మూడు దశాబ్దాల పాటు లోకం తిరిగిన యాత్రికుడి పేరు దానికి పెట్టారు. ఆండలూసియా, ట్యునీసియా, ఈజిప్టు, పర్షియా, ఇండియా, చైనా – ఒక్కో ప్రాంతం తీరులో కట్టిన ఆరు విభాగాలు, అక్కడ వాటిని కోర్టులంటారు, వరసగా ఉంటాయి. ఒక చివర నుంచి మరో చివరకు కిలోమీటరు పైనే నడక. పర్షియా కోర్టులో నీలం రంగు గుమ్మటం కింద కాఫీ షాపు ఉంది. కప్పు పట్టుకుని తల పైకెత్తి కూర్చుంటే ఆ చేతిపని మీంచి చూపు తిప్పుకోలేం. చైనా కోర్టులో నిలువెత్తు చెక్క ఓడ.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది మాత్రం ఇండియా కోర్టులోని ఏనుగు గడియారం. అల్-జజరీ అనే ఇంజనీరు 1206 నాటి తన గ్రంథంలో వివరించిన నీటి గడియారానికి అది పెద్ద నమూనా. ఏనుగు మన దేశానిది, పాముల్లా వంగిన డ్రాగన్లు చైనావి, పైన ఫీనిక్స్ పక్షి ఈజిప్టుది, లోపలి నీటి యంత్రం గ్రీకులది. పక్కనున్న బోర్డులు చదివే ఓపిక ఉంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

అన్నట్టు, ఇబ్న్ బతూతా ఢిల్లీలో ఖాజీగా కొలువు చేసింది ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర. 1323లో యువరాజుగా ఓరుగల్లు మీదికి దండెత్తి ప్రతాపరుద్రుణ్ణి ఓడించింది ఈ తుగ్లకే. మాల్‌లోని ఇండియా కోర్టు కట్టడం మాత్రం మొఘల్ పద్ధతిలో ఉంటుంది. మొఘలులు వచ్చింది ఆ యాత్రికుడు పోయాక ఒకటిన్నర శతాబ్దానికి! చరిత్ర పట్టింపు ఉన్నవాళ్లకు ఇది కొంచెం గుచ్చుకుంటుంది. పిల్లలకు ఏనుగు ఉంటే చాలు.

దీనికి దూరమే శత్రువు. పాత దుబాయ్ వైపు దేరాలోనో కరామాలోనో దిగినవాళ్లకు మెట్రో రెడ్ లైన్‌లో పోను దాదాపు గంట, రాను గంట. పైగా జెబెల్ అలీ దగ్గర లైన్ రెండుగా చీలుతుంది. ఎక్స్‌పో వైపు పోయే రైలెక్కితే ఇబ్న్ బతూతా స్టేషన్ రాదు, జెబెల్ అలీలో దిగి మారాలి. ఎక్కే ముందు రైలు ఎక్కడికో చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

వాఫీ బలం సరిగ్గా ఇక్కడే. రెడ్, గ్రీన్ లైన్లు కలిసే బుర్జుమాన్ స్టేషన్ నుంచి గ్రీన్ లైన్‌లో రెండో స్టేషనే, దుబాయ్ హెల్త్‌కేర్ సిటీ. అక్కడి నుంచి కొంచెం నడక, ఎండ ఎక్కువైతే టాక్సీ. దీనిది ఈజిప్టు థీమ్: పిరమిడ్ ఆకారాలు, స్తంభాలు, రంగుటద్దాలు. కింద ఖాన్ ముర్జాన్ ఉంది. బాగ్దాద్‌లోని 14వ శతాబ్దపు కట్టడం పేరుతో నేల అడుగున కట్టిన బజారు అది. జనం పలచగా ఉంటారు, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్తుంటే నేనైతే ఇబ్న్ బతూతా మాటే ఎత్తను, నేరుగా వాఫీకే. కానీ చిన్నపిల్లలకు ఇక్కడ గంట దాటితే విసుగొస్తుంది.

మెర్కాటో సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. జుమేరాలో ఇటలీ ఊరి వీధిలా కట్టిన చిన్న మాల్, 2002 నాటిది. బాగుంటుంది, కానీ దగ్గర్లో మెట్రో లేదు. బీచ్‌కు ఎలాగూ వెళ్తున్నారా, దారిలో ఒక గంట ఆగండి. దానికోసమే టాక్సీ కట్టుకుని పోనక్కర్లేదు.

ఇక కొనడం విషయానికొస్తే ఈ మూడూ ఒకటే. హైదరాబాద్ మాల్స్‌లో చూసే బ్రాండ్లే చాలావరకు ఇక్కడా కనిపిస్తాయి. ఖర్జూరాలు, చాక్లెట్లు, బాదం, పిస్తా లాంటివి ఏ హైపర్ మార్కెట్‌లోనైనా తీసుకోవచ్చు. బంగారం చూడాలంటే దేరా గోల్డ్ సూక్, బర్ దుబాయ్‌లోని మీనా బజార్ ఉండనే ఉన్నాయి. మాల్‌కు ఖాళీ చేతులతో వెళ్లి ఖాళీ చేతులతో రావడమే హాయి. కిలోమీటరు నడవాల్సిన చోట సంచులు మోయడం ఎవరివల్ల అవుతుంది?