కేటలాగ్ నంబరు ఒకటే, పూత వేరు: అయస్కాంత నానోకణాలు కొనేవారికి హెచ్చరిక

డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును మోసుకెళ్లే వాహకాల తయారీ కోసం, విజయనగరంలోని మా ఫార్మసీ పరిశోధనశాలకు, డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల గొలుసు) పూత, కార్బాక్సిల్ (ఆమ్ల సమూహం) ఉపరితలం గల మాగ్నటైట్ (అయస్కాంత ఇనుప ఆక్సైడ్) నానోకణాలను ఒకే సరఫరాదారు దగ్గర రెండుసార్లు కొన్నాము. కేటలాగ్ నంబరు ఒకటే, లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నంబర్లే వేరు. ఆగస్టులో వచ్చిన సీసాతో పని సాఫీగా సాగింది. జనవరిలో వచ్చినది మా ఆరు వారాల శ్రమను నీళ్లపాలు చేసింది.

మొదటి లాట్‌ను ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌లో (శరీర ద్రవాలంత ఉప్పు, పీహెచ్ ఉండే ద్రావణం) కలిపితే మర్నాటికి కూడా డికాక్షన్ రంగులో నిలకడగా ఉండేది. రెండోది కలిపిన అరగంటకే, కదపకుండా వదిలేసిన చోడి అంబలిలా, పైన నీరు తేరి అడుగున నల్లటి మడ్డి దిగింది. విశాఖపట్నం పంపి కొలిపించగా జీటా పొటెన్షియల్ (కణాల ఉపరితల ఆవేశానికి కొలమానం) మొదటిదానికి మైనస్ 38 మిల్లీవోల్టులు, రెండోదానికి మైనస్ 11 అని తేలింది.

కణాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడానికి కావలసిన రుణావేశాన్ని ఇచ్చేవి కార్బాక్సిల్ సమూహాలే. మందును కణానికి రసాయనికంగా అతికించే కార్బోడైఇమైడ్ చర్యలో మందులోని అమైన్ (నత్రజని ఉన్న సమూహం) వచ్చి అతుక్కునేదీ వాటికే. అవి తగ్గితే మందు ఎక్కదు, కణాలూ ముద్దకడతాయి. పైగా బఫర్‌లోని ఉప్పు ఆవేశాన్ని ఎలాగూ కప్పేస్తుంది కనుక, అక్కడ కణాలను విడివిడిగా ఉంచవలసినవి డెక్స్‌ట్రాన్ గొలుసులు. అవీ నిలపలేకపోయాయంటే పూతే పలచబడిందని మా అనుమానం. అయస్కాంతం చూపిస్తే మాత్రం రెండు లాట్లూ చక్కగా పరుగెత్తుతాయి, ముద్దకట్టినవి ఇంకా వేగంగా వెళతాయి. మేము మొదట మోసపోయింది అక్కడే.

ఫిర్యాదు చేస్తే, మీ ప్రాంతపు ఎండకు పాడై ఉంటుందన్నారు. సంక్రాంతి చలిలో వచ్చిన సరుకుకు ఎండ సాకేమిటో తెలియదు. మొదటి సీసాలో మిగిలినది అదే ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర, ఇప్పటికీ బాగానే ఉంది. రెండో లాట్‌తో పంపిన విశ్లేషణ పత్రాన్ని అప్పుడు తీసి చూస్తే, లాట్ నంబరు మార్చారు గానీ పరీక్ష తేదీ మొదటి లాట్‌దే. అందులో పూత లోపలి మాగ్నటైట్ గింజ పరిమాణం, అయస్కాంతీకరణ తప్ప ఉపరితలం గురించి ఒక్క ముక్క లేదు.

అందువల్ల కొనేముందే ఆ లాట్‌కు చెందిన జీటా పొటెన్షియల్‌ను, ఏ పీహెచ్‌లో, ఎంత ఉప్పులో కొలిచారో సహా, ద్రవంలోని కణ పరిమాణాన్ని, గ్రాముకు ఎన్ని మైక్రోమోల్‌ల కార్బాక్సిల్ ఉందో ఆ లెక్కను రాతపూర్వకంగా అడగండి. ఒక ప్రయోగ వరుసకు కావలసినదంతా ఒకే లాట్‌లో తీసుకోండి. సరుకు అందిన రోజే కొద్దిగా బఫర్‌లో కలిపి రాత్రంతా ఉంచి చూడండి. మేము ఆలస్యంగా చూశాము. సీలు తీసి ఆరు వారాలైందన్న కారణంతో డబ్బు వాపసు ఇవ్వలేదు.