సర్టిఫికెట్ చాలా, ముందు మనం చూడాలా?

బొమ్మల సినిమా అంటే పిల్లలదే అనుకుంటాం. తీరా సగంలో బిడ్డ ఏడిస్తే చెప్పులు వెతుక్కుంటూ బయటికి రావాలి. అందుకే కొందరు సెన్సార్ సర్టిఫికెట్‌ను నమ్ముకుంటారు, కొందరు ముందే వెళ్లి చూసి వస్తారు.

ఖర్చు: సర్టిఫికెట్‌కు పైసా అక్కర్లేదు. ముందే చూడాలంటే ఒక టికెట్ అదనం.

శ్రమ: పోస్టర్ మీద ఒక చూపు. లేదా ఒక పూట.

ముప్పు: అసలు తేడా ఇక్కడే. 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం పాత 'యూఏ'ను, అంటే పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన సినిమాల సర్టిఫికెట్‌ను, వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడు మెట్లు చేసింది. మంచి పనే. కానీ ఆ అంకె తల్లిదండ్రులకు సలహా మాత్రమే. 'యూఏ 13+' సినిమాకు పదేళ్ల పాపను వెంటబెట్టుకు వెళితే చట్టం ఆపదు. పైగా మీ బిడ్డ దేనికి బెదురుతుందో బోర్డుకేం తెలుసు? మావాడు కోరల రాక్షసుణ్ణి చూసి పకపకా నవ్వాడు. తల్లి తప్పిపోయిన జింకపిల్లను చూశాక మాత్రం వారం రోజులు నా కొంగు వదల్లేదు. ఆ సినిమాకున్నది అన్ని వయసులవాళ్లూ చూడొచ్చనే 'యు' సర్టిఫికెట్టే!

ఎనిమిదేళ్లు దాటి, చీకటి హాలుకు అలవాటుపడిన పిల్లలైతే సర్టిఫికెట్ సరిపోతుంది. ఐదేళ్లలోపు వారికి, ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలకైతే ఏ వయసులోనైనా, ముందు మనం చూడటమే నయం. ఓటీటీలో పక్కన కూర్చుని చూసేటట్లయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, రిమోట్ మన చేతిలోనే ఉంటుంది.