పెట్టె మీది వాట్లు చూసి కంప్యూటర్ స్పీకర్లు కొనకండి

కంప్యూటర్‌కి స్పీకర్లు కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. సౌండ్ చాలడం లేదని ఆన్‌లైన్‌లో కొత్త జత తెప్పించాను. పెట్టె మీద పెద్దక్షరాలతో 1000 వాట్లు, పక్కన కంటికి ఆననంత చిన్నగా పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్ అని కంపెనీలు చెప్పుకునే అంకె). తీరా కలిపి చూస్తే పాతవాటి కన్నా తక్కువ వినబడుతోంది. వాల్యూమ్ పూర్తిగా పెంచితే పాట బొంగురుపోతోంది. అమ్మినవాళ్లని అడిగితే "మీ కంప్యూటర్ సెట్టింగుల్లోనే తేడా ఉంది, వాల్యూమ్ బూస్టర్ వేసుకోండి" అన్నారు. వాపసు మాత్రం తీసుకోలేదు.

సెట్టింగుల తేడా కానే కాదు. ఆ స్పీకర్లకి కరెంటు ప్లగ్గే లేదు. ఉన్నదల్లా ఒక యూఎస్‌బీ వైరు, ఒక ఆడియో పిన్ను. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపియర్లు ఇస్తుంది, అంటే 2.5 వాట్లు. 3.0 అయితే 4.5. లోపలికి అంత మాత్రమే పోతుంటే బయటికి వెయ్యి వాట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి నచ్చిన అంకె వాళ్లు వేసుకుంటారు. మనం చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అవి ఎక్కడా రాయకపోతే ఆ జత జోలికి పోవద్దనే చెప్తాను.

ఆర్‌ఎంఎస్ రాసినా అంకె పెద్దదని మురిసిపోకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతల సౌండ్ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతల పవర్ కావాలి. అందుకే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, రాసి ఉంటే అదీ చూడండి. మిగతావన్నీ సమానంగా ఉంటే, 84 డెసిబెల్స్ స్పీకర్‌కి నాలుగింతల పవర్ ఇస్తే గానీ 90 డెసిబెల్స్ స్పీకర్‌తో సమానం కాదు.

ఇక ఆ బూస్టర్ (వాల్యూమ్‌ని వంద శాతం దాటించే సాఫ్ట్‌వేర్) సలహా ఇంకా ప్రమాదం. డిజిటల్ ఆడియోకి ఒక పైహద్దు ఉంటుంది. ఈకాలం పాటలు చాలామటుకు ఆ హద్దుకి ఆనుకునే రికార్డవుతాయి. ఇంకా పెంచితే సౌండ్ అలల తలలు తెగిపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అలాగే గంటల తరబడి మోగిస్తే ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాలిపోవచ్చు. అసలే గొంతు తక్కువగా రికార్డైన పాఠమో ఇంటర్వ్యూనో అయితే వీఎల్‌సీ ప్లేయర్‌లో వాల్యూమ్ వంద శాతం దాటించడంలో తప్పులేదు, అక్కడ ఇంకా చోటుంటుంది కాబట్టి.

కొనేముందు పాతవాటినే ఒకసారి సరిచూడండి. వాల్యూమ్ మిక్సర్‌లో ఆ ఒక్క ప్రోగ్రామ్ సౌండే తగ్గి ఉందేమో, పిన్ను ఆకుపచ్చ జాక్‌లోనే ఉందో లేదో చూడండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. కాల్ నడుస్తున్నంతసేపూ మిగతా సౌండ్లని 80 శాతం తగ్గించేది అదే, ఏమీ చేయవద్దు అనే దానికి మార్చేయండి.

మరీ తప్పక కొంటుంటే కరెంటు ప్లగ్గో అడాప్టరో ఉన్న జత తీసుకోండి. వెనకాల ఉత్త వైర్లు మాత్రమే ఉన్న స్పీకర్లకి విడిగా యాంప్లిఫయర్ కావాలి, వాటిని నేరుగా కంప్యూటర్‌కి కలిపితే వినీవినబడనట్టే ఉంటుంది. రివ్యూలు చదివేటప్పుడు డెలివరీ త్వరగా వచ్చిందన్న పొగడ్తలు వదిలేసి, పూర్తి వాల్యూమ్‌లో ఎలా ఉందో రాసినవే చూడండి. నేను కొన్నదానికి అలాంటి రివ్యూ ఒక్కటీ లేదు, అందుకే ఇప్పుడు నేనే రాశాను.