డిశ్చార్జ్ బుక్‌లో పేరు సరిచేయిస్తామనే ఏజెంట్లతో జాగ్రత్త: మాజీ సైనికులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

డిశ్చార్జ్ బుక్‌లోనో (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) పీపీఓలోనో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) ఉన్న తప్పు సరిచేయించి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఒరిజినల్ బుక్ అసలే ఇవ్వకండి. మా బాబాయి రెండూ ఇచ్చారు. పద్దెనిమిది వేలు పోయాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది, ఈ పోస్టు దాని గురించే.

బాబాయి ఆర్మీలో హవల్దారుగా చేసి 1996లో పెన్షన్ వచ్చారు. మా పిన్ని పేరు చివర ‘అమ్మ’ ఉంటుంది. ఆధార్, ఓటరు కార్డు, పొలం పాస్‌బుక్ అన్నింట్లో అలాగే ఉంది. సర్వీసు రికార్డులో మాత్రం ఆ ‘అమ్మ’ పోయి ‘దేవి’ వచ్చి కూర్చుంది, ఇంటిపేరు లేనే లేదు. పెళ్లయ్యాక యూనిట్ ఆఫీసులో రాయించినప్పుడు అలా పడిపోయింది. మన వైపు మిలిటరీ కుటుంబాల్లో ఇలాంటివి బోలెడు. కొందరికి భార్య పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, కొందరికి పొడి అక్షరాలే ఉంటాయి, కొందరికి ఇంట్లో పిలిచే ముద్దుపేరే రికార్డుకెక్కి ఉంటుంది.

పెన్షనర్ బతికున్నంత కాలం ఈ తేడాతో పెద్ద ఇబ్బంది కనపడదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి భార్య అప్లై చేసినప్పుడే అసలు కష్టం. పీపీఓలో ఉన్న మనిషి, ఆధార్‌లో ఉన్న మనిషి ఒకరేనని ఆ దుఃఖంలో ఆవిడే నిరూపించుకోవాలి. మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి జీతంలో 30 శాతం. చాలామంది ముసలమ్మలకు అదొక్కటే ఆధారం. 2021 నుంచి పెన్షన్లు బ్యాంకుల దగ్గర్నుంచి స్పర్శ్ అనే రక్షణశాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలోకి మారాయి కదా, అప్పుడు వివరాలు ఆధార్‌తో సరిచూడటం మొదలై పాత తప్పులన్నీ బయటపడ్డాయి. పెద్దవాళ్లలో ఒక్కసారిగా టెన్షన్ మొదలైంది. ఈ ఏజెంట్లకు అదే పెట్టుబడి.

బాబాయిని పట్టుకున్నవాడు మా దగ్గరి టౌన్‌లో చిన్న రూమ్ తీసుకుని డిఫెన్స్ పెన్షన్ పనులు చేస్తానని బోర్డు పెట్టుకున్నాడు. పేరు ఇక్కడ రాయను. పోలీసులకు ఇచ్చిన కాగితంలో రాశాం. తానూ ఎక్స్‌సర్వీస్‌మన్‌నే అన్నాడు, బాబాయిని సాబ్ అని పిలిచాడు, సర్వీసు రికార్డులుండే రికార్డ్ ఆఫీసులో మనవాడున్నాడని చెప్పాడు. ఫౌజీ మాట ఫౌజీ నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని వాడుకున్నందుకే నాకు ఎక్కువ కడుపు మండుతోంది. డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఇద్దరి ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్, స్పర్శ్ ఐడీ, పాస్‌వర్డ్ తీసుకున్నాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు కూడా చెప్పించుకున్నాడు.

తిరిగి ఇచ్చిన బుక్ నేను చూశాను. కుటుంబ వివరాల పేజీలో పాత పేరును బ్లేడుతో గీకేశారు. వెలుతురుకు ఎదురుగా పెడితే అక్కడ కాగితం పల్చబడి అవతలి వైపు గీతలు కనిపిస్తున్నాయి. చుట్టూ ఉన్న రాతలన్నీ వెలిసిపోయిన నల్ల ఇంకువి, ఈ ఒక్క పేరు మాత్రం నీలం జెల్ పెన్నుతో మెరిసిపోతోంది. పైన వంకాయరంగు గుండ్రటి ముద్ర, ఒక సంతకం. సంతకం కింద పేరు లేదు, ర్యాంకు లేదు. రికార్డులో మార్పును అధికారికంగా ప్రకటించే పార్ట్ టూ ఆర్డర్ నంబరు లేదు. దాంతోపాటు కరిజెండమ్ పీపీఓ (సవరించిన పీపీఓ) అంటూ ఒక ప్రింటవుట్ ఇచ్చాడు. అది పాత పీపీఓ కాపీయే. నంబరు కూడా పాతదే. తేదీ, పేరు మాత్రం మార్చారు.

సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపిస్తే అక్కడి ఆఫీసరు పేజీ తిప్పగానే తల పట్టుకున్నారు. తప్పు పేరున్న బుక్‌తో ఎప్పుడైనా పని జరుగుతుందని, గీకిన బుక్ మీదే అనుమానం వస్తుందని చెప్పారు. నకిలీ ముద్ర ఉన్న కాగితం తెలిసీ వాడితే ఫోర్జరీ కేసు పెన్షనర్ మీదకే వస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో రెడ్ ఎంట్రీ (శిక్ష పడినట్టు ఎర్ర ఇంకు రాత) లేని మనిషి ఆ మాట విని ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంకోటి తర్వాత బయటపడింది. స్పర్శ్ ప్రొఫైల్‌లో మొబైల్ నంబరు ఆ ఏజెంట్ తనది పెట్టుకున్నాడు. అంటే ఓటీపీలన్నీ అతనికే. బ్యాంకు అకౌంటు జోలికి వెళ్లకముందే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. ఇప్పుడు జరిగిందంతా రాసి, పోలీసు ఫిర్యాదు కాపీ జతచేసి రికార్డ్ ఆఫీసుకు పంపాం.

అసలు పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను. ఆర్మీ జవాన్లు, జేసీఓల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) సర్వీసు రికార్డు మార్చే అధికారం వాళ్ల రికార్డ్ ఆఫీసుదే. మనవాళ్లలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఏఓసీ (ఆర్డ్‌నెన్స్ కోర్) వాళ్లకు అది సికింద్రాబాద్‌లోనే ఉంది. మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్, ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) వాళ్లకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్. భార్య పేరు తేడా ఉంటే అప్లికేషన్, అఫిడవిట్, ఆధార్‌లు, డిశ్చార్జ్ బుక్, పీపీఓ జిరాక్స్‌లు, జాయింట్ ఫోటో పెట్టి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపాలి. స్పెల్లింగ్ తేడాకైతే తక్కువ కాగితాలతో అవుతుంది. పేరు పూర్తిగా వేరైతే మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్, పేపర్ ప్రకటన కూడా అడుగుతారు. అందుకే ముందు చెక్‌లిస్ట్ అడిగి తీసుకోండి. రికార్డ్స్ వాళ్లు పరిశీలించి పార్ట్ టూ ఆర్డర్ పబ్లిష్ చేస్తారు. ఆ తర్వాత ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ (రక్షణ పెన్షన్లు మంజూరు చేసే ఆఫీసు) నుంచి పీపీఓలో సవరణ వస్తుంది. మధ్యలో ఏ టౌన్‌లో ఏ రూమ్‌లో కూర్చున్నవాడూ ముద్ర వేయలేడు. అయ్యే ఖర్చు స్టాంపు పేపరు, నోటరీ, జిరాక్స్, రిజిస్టర్డ్ పోస్టు, అవసరమైతే పేపర్ ప్రకటన. అంతే. టైమ్ మాత్రం పడుతుంది, దానికి సిద్ధపడాలి.

జవాబు రాకపోతే సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేసి ఫైలు ఎక్కడుందో అడగొచ్చు, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. డిశ్చార్జ్ కారణం మీదో డిసేబిలిటీ పెన్షన్ మీదో గొడవుంటే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. వచ్చే బకాయిల్లో ఇంత శాతం ఇవ్వాలని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. సైనిక బోర్డుల్లోనే న్యాయ సహాయం అందించేలా 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) ఒక పథకం మొదలుపెట్టింది, మీ జిల్లాలో దాని సంగతి అడగండి.

పుట్టినతేదీ మారుస్తామనేవాళ్లను ఇంకా నమ్మకండి. భర్తీ అయినప్పుడు రాసిన తేదీని పెన్షన్ వచ్చాక మార్చడం అయ్యే పని కాదు. సర్వీసు చివర్లో అడిగినవాళ్లకే కోర్టులు ఒప్పుకోలేదు. తేడా ఆధార్‌లో ఉంటే ఆధార్‌నే సరిచేసుకోవాలి.

పశ్చిమ గోదావరి మాధవరం లాంటి, ఇంటింటా మిలిటరీవాళ్లున్న ఊళ్లలో దయచేసి సంఘం మీటింగులో ఈ విషయం చెప్పండి. ఈ రోజే బీరువాలోంచి డిశ్చార్జ్ బుక్, పీపీఓ తీసి భార్యాపిల్లల పేర్లు, పుట్టినతేదీలు ఆధార్‌తో పోల్చి చూడండి. పేజీ పేజీ ఫోటో తీసి పిల్లల ఫోన్లలో ఉంచండి. స్పర్శ్‌లో ఉన్న మొబైల్ నంబరు మీదేనా, అకౌంటు నంబరు మీదేనా చూసుకోండి. తేడా ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. అసలు సైట్ అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. ఓటీపీ చెప్పి ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఒరిజినల్ బుక్ ఏజెంట్ దగ్గరే ఉండిపోతే ఒక్కరే వెళ్లి అడగొద్దు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి చెప్పండి.