ఒక్క ఫైలు మిగిలినా బిల్డు ఆపేస్తుంది: డీహెచ్ మిస్సింగ్‌తో నా అనుభవం

డెబియన్ అనే లినక్స్‌కి ప్యాకేజీలు (ప్రోగ్రాంని ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన మూటలు) కట్టేవాళ్ళకి, ఆ పనికి వాడే డెబ్‌హెల్పర్ పనిముట్ల గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. అందులో నాకు బాగా నచ్చినదొకటుంది, దాని కోసమే ఇది రాస్తున్నాను: డీహెచ్ మిస్సింగ్. సోర్సు నుంచి డెబియన్ టీఎంపీ అనే తాత్కాలిక డైరెక్టరీలోకి దిగిన ఫైళ్ళలో ఏ ప్యాకేజీ జాబితాలోకీ ఎక్కనిది ఒక్కటి మిగిలినా బిల్డు, అంటే ప్యాకేజీ తయారీ, అక్కడే ఆగిపోతుంది. కంపాట్ అంటే డెబ్‌హెల్పర్ ఏ తరం పద్ధతిలో నడవాలో చెప్పే అంకె. కంపాట్ 12లో హెచ్చరించి వదిలేసేది, 13 నుంచి ఆపేయడమే దాని మామూలు పద్ధతి. 2021లో డెబియన్ 11 వచ్చాక మా బిల్డు మెషీన్ దానికి మారింది. అప్పట్నుంచీ దీంతోనే పని.

మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్లకి పట్టీలు (రైతు సరుకు లెక్క కాగితాలు) తీసే సాఫ్ట్‌వేర్ చేస్తాం. సర్వర్‌కొకటి, ప్రింటింగ్‌కొకటి, రెండింటికీ కావాల్సినవి పెట్టే కామన్ ఒకటి, మొత్తం మూడు ప్యాకేజీలు. ఒక్కోదానికీ ఒక్కో ఇన్‌స్టాల్ ఫైలు, అందులో లైనుకో పేరు. ఏ ఫైలు ఏ ప్యాకేజీలోకి వెళ్ళాలో చెప్పేది అదే.

ఇంతకుముందు ఏం జరిగిందో చెప్తే నాకిది ఎందుకంత ఇష్టమో తెలుస్తుంది. అప్పట్లో కంపాట్ 10. ఫెయిల్ మిస్సింగ్ (మిగిలితే ఆపెయ్) అని మనం పనిగట్టుకుని అడిగితే తప్ప, మిగిలిపోయిన ఫైళ్ళ ఊసే ఎత్తేది కాదు. ఆ ఏడాది సీజన్ ముందు ప్రింటింగ్ భాగంలో తెలుగు ఫాంటు మారింది, కొత్తది కొత్త డైరెక్టరీలోకి వెళ్ళింది. జాబితాలో పాత డైరెక్టరీ పేరు, చివర స్టార్ గుర్తు, అంటే అందులో ఏదున్నా తీసుకోమని. ఆ డైరెక్టరీ ఖాళీ అయిపోయి ఉంటే, జాబితా ప్రకారం ఫైళ్ళు సర్దే డీహెచ్ ఇన్‌స్టాలే ఆగిపోయేది, ఎందుకంటే జాబితాలో ఉన్న పేరుకి ఏమీ దొరక్కపోతే అది ఊరుకోదు. కానీ అక్కడ పాత ఫాంటు తాలూకు లైసెన్సు ఫైలు ఇంకా ఉంది. స్టార్‌కి ఏదో ఒకటి దొరికింది కదా, దానికి చాలు. బిల్డు ఒక్క మాట అనకుండా పూర్తయింది.

ఆఫీసులో పట్టీలు బ్రహ్మాండంగా వచ్చాయి. మా కంప్యూటర్లన్నిట్లో తెలుగు ఫాంట్ల అదనపు ప్యాకేజీ ఉంది, అందులో పోతన, వేమన ఉంటాయి. మన ఫాంటు కనపడకపోతే, ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ వాటిలో ఒకటి తెచ్చి పెట్టేస్తుంది. యార్డులో కొట్టు దగ్గరున్న మెషీన్‌లో అలాంటిదేమీ లేదు, పనికి సరిపడా మటుకే ఎక్కించింది. పొద్దున్నే ఫోన్: "ఏవండీ, పట్టీ మీద పేర్లన్నీ డబ్బాలొస్తన్నాయి. రైతులు ఎదురుగా కూర్చున్నారు." వెళ్ళి చూస్తే టిక్కీలెన్ని, తూకమెంత, ధరెంత, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. రైతు పేరు, ఊరు, సరుకు రకం మాత్రం వరసగా ఖాళీ గళ్ళు. తేజ ఏదో బాడిగ ఏదో ధర చూసి ఊహించుకోవాలి. గుమస్తా పెన్ను తీసుకుని ఒక్కో పట్టీ మీదా పేర్లు చేత్తో రాసిస్తున్నాడు. పట్టీ చేతికి రాకుండా రైతు కదలడు, కదలకూడదు కూడా. ఆ కాగితమే కదా ఆయనకి ఆధారం.

డీహెచ్ మిస్సింగ్ నా మనసు గెలుచుకున్నది ఆ తర్వాత చాన్నాళ్ళకి. కొత్త సరుకు యార్డుకి దిగేలోపు ఇవ్వాల్సిన వెర్షన్ అది. అప్పటిదాకా ప్రోగ్రాంలోనే రాసి ఉన్న హమాలీ, కాటా రేట్లని తీసి విడిగా ఒక పట్టిక ఫైల్లో పెట్టాడు మా కుర్రాడు. మంచి పనే, రేటు మారితే ప్రోగ్రాం ముట్టుకోనక్కర్లేదు. ఇన్‌స్టాల్ అయ్యేట్టు మేక్‌ఫైల్లో కూడా రాశాడు. రాత్రి బిల్డు పెడితే చివర్లో ఆగింది. ఆ ఫైలు పేరు పూర్తి దారితో సహా చూపించి, ఇది డెబియన్ టీఎంపీలో ఉంది గానీ ఎక్కడికీ ఇన్‌స్టాల్ కాలేదు అంది. దాని కింద, ఏ పనిముట్టు ఏ ప్యాకేజీలోకి ఎన్ని ఫైళ్ళు వేసిందో లెక్క. సర్వర్ ఇన్‌స్టాల్ ఫైల్లో ఒక్క లైను చేర్చాం, అయిపోయింది.

ఆ ఒక్క లైను లేకుండా బయటికి వెళ్ళి ఉంటే? పట్టిక దొరకనప్పుడు ఆ ప్రోగ్రాం ఆగిపోదు. కోతలు సున్నా అనుకుని లెక్క కట్టి పట్టీ ఇచ్చేస్తుంది. ఫాంటు పోతే గళ్ళు కనపడతాయి, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఇక్కడ కాగితం చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, డబ్బు మాత్రం తప్పు. సాయంత్రం కొట్టువాళ్ళు హమాలీలకి ఇచ్చేటప్పుడు గానీ బయటపడదు. లెక్క తేలందే లారీని గేటు దాటనివ్వని గుమస్తాలాగా ఇది నాకు కనపడుతుంది. (రెడ్‌హ్యాట్ వైపు ప్యాకేజీల పద్ధతి ఆర్‌పీఎం వాడేవాళ్ళు ఇందులో కొత్తేముందంటారు. నిజమే, ఇన్‌స్టాల్ అయి ఫైల్స్ సెక్షన్‌లోకి ఎక్కనివి ఉంటే వాళ్ళ బిల్డు ఎప్పట్నుంచో ఆగుతోంది.)

అయితే పైన చెప్పినదంతా ఇది ఫైళ్ళ జాబితాని కాపలా కాస్తుందన్నట్టుగా ఉంది. అంత కాదు. మిగిలిపోయినవాటినే చూస్తుంది, ఎక్కువైనవాటి జోలికి పోదు. జాబితాలో స్టార్ పెట్టారనుకోండి, టెస్టు డేటా, పాత బ్యాకప్పు ఏదున్నా ప్యాకేజీలోకి వెళ్ళిపోతుంది. అన్నీ ఎక్కాయి కాబట్టి డీహెచ్ మిస్సింగ్‌కి అభ్యంతరం ఉండదు. అందుకని మేం స్టార్లు దాదాపు తీసేసి పేర్లే రాసుకుంటున్నాం. దీంతో ఇంకో లాభం: అనువాదం ఫైలు అసలు తయారే కాకపోతే టీఎంపీలో ఉండదు, డీహెచ్ మిస్సింగ్‌కి దాని సంగతే తెలియదు. పేరు రాసి ఉంటే డీహెచ్ ఇన్‌స్టాల్ పట్టుకుంటుంది. బిల్డు అయ్యాక డీపీకేజీ డెబ్ కమాండుతో లోపల ఏముందో ఒకసారి కళ్ళతో చూడ్డం నేను మానలేదు.

నాట్ ఇన్‌స్టాల్డ్ అనే ఫైలు సంగతి కూడా చెప్పాలి. కావాలనే వదిలేసినవి అందులో రాస్తే వాటి మీద గొడవ చేయదు. చాలా సౌకర్యం. రాత్రి పదింటికి బిల్డు ఆగితే చెయ్యి ముందు దాని మీదికే పోతుంది, అదే నాకు భయం. ఎందుకు వదిలేశామో పైన ఒక ముక్క రాయకుండా అందులో ఏదీ చేర్చకూడదని మా దగ్గర నియమం పెట్టుకున్నాం.

ఫైలుని ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు మాత్రం ఇది ఏమాత్రం సాయపడదు. ఫాంటుని ప్రింటింగ్ నుంచి కామన్‌లోకి తెచ్చాం. బిల్డుకి ఏ ఇబ్బందీ లేదు. పాత వెర్షన్ ఉన్న మెషీన్ మీద ఎక్కిస్తే, ఈ ఫైలు ఇంకో ప్యాకేజీలో కూడా ఉంది, దాని మీద రాయబోతున్నావు అని, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ ఒప్పుకోలేదు. ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్లో కామన్‌కి బ్రేక్స్ (ఆ పాతదానితో పడదు), రీప్లేసెస్ (దాని ఫైళ్ళ మీద రాయొచ్చు) రెండూ వెర్షన్‌తో సహా రాస్తేనే దారిచ్చింది. ఈటీసీలో పెట్టే సెట్టింగుల ఫైళ్ళదీ ఇలాంటి పేచీయే: జాబితాలోంచి తీసేసినంత మాత్రాన కొట్టువాళ్ళ మెషీన్‌లోంచి పోవు, మెయింట్‌స్క్రిప్ట్ ఫైల్లో తీసెయ్యమని విడిగా చెప్పాలి. బిల్డు చోట కూర్చున్న పనిముట్టు వాళ్ళ మెషీన్‌లో ఏముందో ఎలా చూస్తుంది? అది దాని లోపం అనను.

మీకు పనికొస్తుందా అంటే, మీరేం కడుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. సోర్సు నుంచి ఒకే ప్యాకేజీ వచ్చేవాళ్ళకి ఫైళ్ళు నేరుగా ప్యాకేజీ డైరెక్టరీలోకే వెళ్ళిపోతాయి, మిగిలేదంటూ ఉండదు, కాబట్టి ఇది ఉన్నా లేనట్టే. కావాలంటే, సోర్సు నుంచి ఫైళ్ళు దించే డీహెచ్ ఆటో ఇన్‌స్టాల్‌కి డెస్ట్‌డిర్ (దించాల్సిన చోటు) డెబియన్ టీఎంపీ అని చెప్పి, ఇన్‌స్టాల్ ఫైలు విడిగా రాసుకోవచ్చు. అంతా కంటెయినర్‌లో పెట్టి పంపేవాళ్ళకి ఈ బాధే ఉండకపోవచ్చు. నాకు మూడు ప్యాకేజీలు, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఏడాదంతా యార్డు తీరిక చూసుకుని ఇచ్చే వెర్షన్లు. మాకు ఇది బాగా కుదిరింది. ఇంకా కంపాట్ 12 దాటని ప్రాజెక్టు ఒకటి నా దగ్గరుంది, బిల్డు ఎలా జరగాలో చెప్పే దాని రూల్స్ ఫైల్లో కూడా ఓవర్‌రైడ్ రాసి ఫెయిల్ మిస్సింగ్ పెట్టేశాను.